కెమెరా బాగానే ఉంది

పెనుకొండలో ఎవరైనా “కంప్యూటర్‌లో కెమెరా పోయిందన్నా, ఒకసారి వచ్చి చూడు” అని ఫోన్ చేస్తే, నేను సంచిలో ముందుగా వేసుకునేవి ఒక తెల్లకాగితం, పాత వార్తాపత్రిక, మామూలు యూఎస్‌బీ కెమెరా ఒకటి. స్క్రూడ్రైవర్ ఎలాగూ ఉంటుంది గానీ దాంతో పనిపడేది తక్కువ. తెరా, కంప్యూటరూ ఒకే పెట్టెగా వచ్చే ఆల్-ఇన్-వన్‌లలో పైఅంచున బిగించిన కెమెరా అంత తేలిగ్గా చెడిపోదు. దాన్ని మూసేవాళ్లు, ఆపేసేవాళ్లు, చీకట్లో పెట్టేవాళ్లే ఎక్కువ.

మూయడమంటే నిజంగానే మూయడం. 2020లో బడులు మూతబడి ఆన్‌లైన్ క్లాసులు వచ్చాక, టీచరుకు కనబడకుండా పిల్లలు కనిపెట్టిన ఉపాయం అమ్మ బొట్టుబిళ్ళ. బిళ్ళ తీసేసినా జిగురు మిగిలిపోతుంది, బొమ్మంతా మసక. గోటితో గీకితే గీత పడుతుంది, పెయింటు థిన్నర్ పూస్తే పైనున్న ప్లాస్టిక్ తెల్లబడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దూది కొంచెం తడిపి తుడిస్తే చాలు. కొన్ని మోడళ్లలో కంపెనీయే పక్కకు జరిపే చిన్న మూత పెడుతుంది, ఇంకొన్నిటిలో కెమెరా మొత్తం పైకి లేచి, నొక్కితే లోపలికి పోతుంది. అమ్మినవాళ్లు చెప్పరు, కొన్నవాళ్లు చూడరు.

ఆపేయడం విండోస్ సెట్టింగ్స్‌లో జరుగుతుంది. ప్రైవసీలో కెమెరా అనే పేజీ తెరిస్తే పైన మొత్తానికి ఒక మీట, కింద యాప్‌లకు ఒకటి, అట్టడుగున డెస్క్‌టాప్ యాప్‌లకు వేరే ఇంకొకటి ఉంటాయి. ఆ చివరిదాని దాకా ఎవరూ దిగరు. బ్రౌజర్ అడిగే అనుమతి మళ్లీ వేరు. అన్నీ సరిగ్గా ఉండీ బొమ్మ రాకపోతే నా యూఎస్‌బీ కెమెరా తగిలిస్తాను. అదీ రాకపోతే తప్పు విండోస్‌లో ఉన్నట్టు. అది వచ్చి ఇది రాకపోతే అప్పుడు స్క్రూడ్రైవర్ తీస్తాను. లోపల బోర్డు నుంచి కెమెరాకు వెళ్లే సన్నటి వైరు వదులై ఉంటుంది సాధారణంగా.

వార్తాపత్రిక ఎందుకంటే ఫోకస్ కోసం. ఈ కెమెరాలు చాలావరకు స్థిర ఫోకస్‌వి, మూరెడు దూరం నుంచి బాగా చూస్తాయి, మరీ దగ్గరికి తెస్తే అక్షరాలు అలికేస్తాయి. 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు వీడియో కేవైసీకి అనుమతి ఇచ్చాక పాన్ కార్డును కెమెరాకు ఆనించేంత దగ్గర పెట్టి “కనపడలేదంటున్నారు” అని విసుక్కునేవాళ్లను చాలామందిని చూశాను. వెనక్కి జరిపి లైటు వేస్తే సరి. వెలుతురు తగ్గితే కెమెరా సెకనుకు 30 బొమ్మలు తీయలేక 15కో ఇంకా కిందికో దిగుతుంది, మనిషి ఆగి ఆగి కదులుతాడు. దాన్ని అందరూ నెట్ స్లో అనుకుంటారు.

నాకు బాగా నచ్చిన కేసులు కొరియా కార్ల కంపెనీ కియా వచ్చాకే తగిలాయి. ఎర్రమంచిలో ఫ్యాక్టరీ 2019లో కార్లు బయటికి పంపడం మొదలుపెట్టింది, హైవే పక్కన కొరియా అక్షరాల బోర్డులు లేచాయి. ఒక కొరియా ఇంజనీరు తన ఊరి నుంచి తెచ్చుకున్న డెస్క్‌టాప్‌లో, పగలు బాగానే ఉండి సాయంత్రమయ్యేసరికి బొమ్మ మీద నల్లటి అడ్డచారలు పాకుతున్నాయని ఫోన్‌లో అనువాదం చేసి చూపించాడు. వాళ్ల గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు. ఇంటివాళ్లు నిద్రపోకముందే మాట్లాడాలంటే ఆయన డ్యూటీ దిగగానే కూర్చోవాలి, అప్పటికి గదిలో బల్బులు వెలుగుతుంటాయి. నేను లైటు ఆర్పి తలుపు బార్లా తీశాను. బయట ఇంకా వెలుతురుంది, చారలు పోయాయి.

మన కరెంటు 50 హెర్ట్జ్, బల్బు సెకనుకు 100 సార్లు ఎక్కి దిగుతుంది. కొరియాలో 60, అంటే 120 సార్లు. వోల్టేజీ దాదాపు ఒకటే కాబట్టి యంత్రానికి ఇబ్బంది లేదు. కానీ కెమెరా బొమ్మను పైనుంచి కిందికి వరుసలుగా చదువుతుంది. అది 120 లెక్కన చదువుతూ ఉంటే 100 లెక్కన వెలిగే బల్బు కింద కొన్ని వరుసలు వెలుగులో, కొన్ని మసకలో పడతాయి. కెమెరా యాప్ సెట్టింగ్స్‌లో ఫ్లికర్ రిడక్షన్‌ను 60 నుంచి 50కి మార్చాను, అంతే. మన దగ్గర కొన్న వాటిలో కూడా ఇది 60 మీద ఉండటం చూస్తుంటాను. చవక ఎల్‌ఈడీ బల్బయితే చార ఇంకా ముదురు.

ధర్మవరం పట్టు కథ వేరు. అక్కడ ఒక చీరల వ్యాపారి వీడియో కాల్‌లో బెంగళూరుకు చీరలు చూపిస్తాడు, వచ్చిన రంగు వేరని తిప్పి పంపుతున్నారని మొరపెట్టుకున్నాడు. ఆటోమేటిక్‌గా తెలుపును సరిచేసుకునే కెమెరా, ఎదురుగా ఉన్న రంగులన్నీ కలిపితే బూడిదరంగు రావాలని లెక్కేసుకుంటుంది. మెరూన్ చీర తెరంతా పరిస్తే వెలుతురే ఎర్రగా ఉందనుకుని నీలం, ఆకుపచ్చ కలిపేస్తుంది. చీర విప్పేకొద్దీ మెరూన్ పాలిపోయింది, చూస్తూ నిలబడ్డాం. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు ఉన్న డబుల్ షేడ్ చీరయితే ఇంకా అయోమయం. పసుపు బల్బు తీయించి అన్నీ 6500 కెల్విన్ బల్బులే పెట్టించాను, వెనక కిటికీ పక్కకు వచ్చేలా బల్ల తిప్పించాను. తెల్లకాగితం పట్టుకోమని, అది తెల్లగా కనబడ్డాక ఓబీఎస్ అనే ఉచిత ప్రోగ్రాములో కాన్ఫిగర్ వీడియో తెరిచి వైట్ బ్యాలెన్స్ పక్కన ఆటో టిక్కు తీసేశాను. కంప్యూటర్ మళ్లీ వేసినప్పుడు కొన్ని కెమెరాలు ఆటోకే వెళ్లిపోతాయి, అది కూడా చెప్పాను. ఇంతలో ఆయనకు ఇంకో భయం, ధర చీటీ తిరగబడి కనబడుతోందని. మనకు కనిపించేదే అద్దంలోలా ఉంటుంది, అవతలివాళ్లకు తిన్నగానే ఉంటుందని రికార్డు చేసి చూపిస్తే నమ్మాడు. ఆ వీడియో ఆయన ముందే తీసేశాను, ఎవరింట్లో తీసినా అలాగే.

డబ్బులడిగితే ఆయన కెమెరా వైపు చూశాడు. “ఏమప్పా, ఏం మార్చినావని?”

వైరు మార్చిన బిల్లుకు ఎవరూ బేరమాడరు. బల్ల తిప్పినదానికి మాత్రం ఎప్పుడూ ఇదే మాట. అందుకని ఇప్పుడు ఫోన్‌లోనే చెప్పేస్తున్నాను, కెమెరా బాగానే ఉన్నా వచ్చినందుకు ఇంత అని. కొందరు ఫోన్ పెట్టేస్తారు. మిగతావాళ్లు “సరేలే, రా అన్నా” అంటారు.