ఇల్లు కదిలితే సరా? దారి పట్టాలిగా!

వేసవి రాగానే అమెరికాలో ఉన్న మనవాళ్లలో కొందరికి ఓ కోరిక పుడుతుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు కదా, ఓ మోటార్‌హోమ్ కొనేసి నేషనల్ పార్కులన్నీ తిప్పేద్దామని!

బండి చూడగానే అందరూ అడిగేది ‘ఎంతమంది పడుకోవచ్చు?’ అని. ముందు అడగాల్సింది ‘పొడవెంత?’ అని.

అక్కడ మోటార్‌హోమ్‌లు మూడు రకాలు. బస్సంత ఉండేది క్లాస్ ఎ. వ్యానులో ఇమిడిపోయేది క్లాస్ బి. డ్రైవర్ నెత్తిమీద అటకలాంటి పడక ఉండేది క్లాస్ సి. పడకలు ఎక్కువని పిల్లాపాపలున్నవాళ్లు దీనికే మొగ్గుతారు.

మరి మోంటానాలోని గ్లేసియర్ పార్కుకి వెళ్తే? అక్కడ చూడాల్సింది 1933లో ప్రారంభించిన ‘గోయింగ్ టు ద సన్’ రోడ్డు. కొండ అంచున సాగే ఆ దారిలో 21 అడుగులు దాటిన బండిని పోనివ్వరు. క్లాస్ సి బండ్లు చాలావరకు అంతకన్నా పొడవే.

ఇంకోటి. అటక పడకకి నిచ్చెన ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మ అర్ధరాత్రి దిగగలదా? నీళ్లు ట్యాంకులో ఉన్నంతవరకే. టాయిలెట్ ట్యాంకుని డంప్ స్టేషన్‌లో మనమే ఖాళీ చేయాలి. ముందు అది, తర్వాత స్నానం నీళ్ల ట్యాంకు. అప్పుడా సబ్బునీళ్లే గొట్టాన్ని కడిగేస్తాయి.

అందుకే కొనేముందు మూడు రోజులు అద్దెకి తీసుకోండి. అందులోనే పోపు పెట్టండి, అందులోనే నిద్రపోండి. నాలుగోరోజు పొద్దున పెద్దవాళ్లని అడగండి. ‘ఏదో, బాగానే ఉందిలే నాన్నా’ అన్నారా, ఇంకో బండి చూడాల్సిందే!