గుట్ట మీది పసుపు

బోధన్ చుట్టూ కాలువ నీళ్లు పారిన నేలంతా వరే, ఒకప్పుడు చెరకు కూడా. ఆ తడి పచ్చదనంలో తంగేడుకు చోటు లేదు. రాళ్ల గుట్టలు, బీళ్లు, బాట అంచులే దాని ఇల్లు. పసుపు పంటకు పేరుపడ్డ ఈ నిజామాబాద్ జిల్లాలో ఎవరూ విత్తని పసుపు ఇది.

ఐదు రేకల పువ్వును మాత్రమే చూస్తే పొరబాటు తప్పదు, దాయాదులందరిదీ అదే రంగు. ఆకును చూడాలి. తంగేడు రెమ్మకు 8 నుంచి 12 జతల చిట్టి ఆకులు, జత జతకూ నడుమ ఈనె మీద సన్నని గ్రంథి, రెమ్మ మొదట్లో చెవుల్లాంటి రెండు ఆకుతునకలు. కాయ కాగితంలా పలచన. కసిందకు నాలుగైదు జతలే, మొనదేలిన ఆకులు; నలిపితే వెగటు వాసన. తగిరిసకు మూడు జతలు, సన్నగా వంగిన పొడుగు కాయ. రేల సంగతి వేరు, అది చెట్టు. ఎండాకాలంలో గుత్తులు వేలాడేస్తుంది.

ఒకప్పుడు తోళ్లు ఊనడానికి తంగేడు చెక్కే ఆధారం. భాద్రపద అమావాస్య నాటికి పూలు బతుకమ్మలో గునుగు పక్కన చేరతాయి. ఏ పుస్తకమూ తిరగేయని చేతులు కసిందను వదిలి తంగేడునే తుంచుతాయి. 2014లో అది తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. బతుకమ్మకు మాత్రం ఇప్పటికీ గుట్ట నుంచే రావాలి.