తొలి ఏడుపు దగ్గర ఆగిపోయే కథలు

గర్భం చుట్టూ అల్లిన ప్రేమకథలు, హాస్య చిత్రాలు ఏ భాషలో తీసినా చివరికి ఒకే చోటికి చేరతాయి. 1995 నాటి ‘నైన్ మంత్స్’లో తండ్రి కావడమంటేనే బెదిరిపోయే హ్యూ గ్రాంట్ పాత్ర, 2007లో వచ్చిన ‘నాక్డ్ అప్’లో పనీపాటా లేకుండా తిరిగే సేత్ రోగన్ పాత్ర, ఇద్దరూ కాన్పు గదికి చేరేసరికి బాధ్యత తెలిసిన మగవాళ్లవుతారు. 2018లో అమిత్ శర్మ తీసిన హిందీ చిత్రం ‘బధాయీ హో’లో పెళ్లీడు కొడుకున్న ఇల్లాలు నెల తప్పితే ఇరుగుపొరుగు నోళ్లు నొక్కుకుంటారు, అత్తగారే కోడలి పక్షాన నిలబడుతుంది. మనసుకు హత్తుకునే కథే. ఇలాంటి చిత్రాల్లో బిడ్డ కేరుమనగానే తగవులు తీరిపోతాయి, తెర మీద పేర్లు పడతాయి. నొప్పులను సరిగ్గా చూపలేదన్నది నాకు చిన్న విషయం. తల్లి గండం ఇంకా గడవకముందే కథ ముగించడమే నా బాధ. ఎందుకంటే ఆ ముగింపును మన ఇళ్లు కూడా నమ్ముతున్నాయి.

బిడ్డ, మాయ బయటికొచ్చాక గర్భసంచి గట్టిగా ముడుచుకోవాలి. అప్పుడే మాయ అంటుకుని ఉన్న చోట తెరుచుకున్న రక్తనాళాలు మూసుకుంటాయి. అది మెత్తగా ఉండిపోతే రక్తం ధారగా పోతుంది. ప్రపంచమంతటా గర్భిణుల, బాలింతల మరణాలకు అన్నిటికన్నా పెద్ద కారణం రక్తస్రావమే. వైద్యం తెలియనిదేమీ కాదు: బిడ్డ పుట్టగానే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్, గర్భసంచి గట్టిపడిందో లేదో పదేపదే చూడటం, అవసరమైతే రక్తం ఎక్కించడం. బీపీ కూడా కాన్పుతో సెలవు తీసుకోదు. పెద్దలు గుర్రపువాతం అనే ఫిట్స్ కాన్పు తరువాత కూడా వస్తాయి, ఎక్కువగా తొలి రెండు రోజుల్లో, ఒక్కోసారి వారాల తరువాత. సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు కడుపుతో ఉన్నప్పటికన్నా తరువాతి ఆరు వారాల్లోనే ఎక్కువ. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు కాన్పయినా కనీసం 24 గంటలు ఆసుపత్రిలో ఉంచమంటుంది. ఆ తరువాత రెండు మూడు రోజులకు, రెండో వారంలో, ఆరో వారంలో తల్లినీ బిడ్డనూ మళ్లీ చూడమంటుంది.

జరిగేది వేరు. ఆరో వారం టీకాకు బిడ్డను దుప్పట్లో చుట్టి, దిష్టిచుక్క పెట్టి, అమ్మమ్మో నాయనమ్మో ఠంచనుగా తీసుకొస్తారు. తల్లి ఇంటి దగ్గరే ఉండిపోతుంది. వచ్చినా పాలు పట్టడానికే వస్తుంది. ఆమె బీపీ చూడమని అడిగేవారు ఉండరు. తొమ్మిది నెలలూ ప్రతి స్కానింగ్ కాగితాన్నీ ఫైల్లో దాచుకున్న కుటుంబమే కాన్పు తరువాత రాసిన బీపీ మాత్రలను వేడి చేస్తాయని ఆపేస్తుంది. ఇంకో ఆరు నెలలు వేసుకోవాల్సిన ఐరన్ మాత్రలు మొదటి వారంలోనే అటకెక్కుతాయి. ప్రేమ లేక ఇలా చేస్తున్నారనను. ఆ ఇంట్లో అందరికీ ఆమె అంటే ప్రాణమే. గండం గడిచిపోయిందని అనుకోవడమే అసలు చిక్కు.

నవ్వుకోవడానికి వెళ్లే సినిమాలో వైద్య పాఠాలెందుకని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ చిన్న కుటుంబాల్లో పెరిగిన నేటి అమ్మాయికి మరొకరి పురిటిని దగ్గరుండి చూసే అవకాశం తక్కువ, ఆమె భర్తకు ఇంకా తక్కువ. తెర మీద చూసిందే వాళ్ల తొలి ఊహ అవుతుంది. ఆ ఊహ ఇక్కడి వాస్తవానికి ఎంత దూరమో లెక్కలే చెబుతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ఇన్ని ఎందుకన్నది వేరే చర్చ. ఒక కేక, వెంటనే బిడ్డ, ఆపైన నవ్వుమొహం అనే తెర కాన్పు తెలంగాణలో సగానికి పైగా తల్లులు ఎరగనిది. దగ్గొస్తే పొట్ట పట్టుకుని, కుట్లతో లేచి కూర్చుని రెండు మూడు గంటలకోసారి పాలిచ్చే అమ్మాయికి తనొక్కతే ఓడిపోయినట్టు అనిపిస్తే తప్పు ఆమెది కాదు.

మన ఆచారాలు బాలింతను ఎప్పటినుంచో కాపాడుతున్నాయి కదా అన్నది మరో అభ్యంతరం. పుట్టింట ఉంచుకోవడం, బరువు పనులు చెప్పకపోవడం, నూనె రాసి నీళ్లు పోయడం నిజంగా గొప్ప ఆదరణ. అయితే అదే ఇంట్లో పొట్ట పెరుగుతుందని మంచినీళ్లు కొలిచి ఇస్తారు, కారప్పొడి మెతుకులతో సరిపెడతారు. పాలిచ్చే తల్లికి నీళ్లు ఆపడం పథ్యం కానే కాదు. రక్తం తేలిగ్గా గడ్డకట్టే ఆ రోజుల్లో ఒంట్లో నీరు తగ్గితే మెదడు సిరల్లో సైతం గడ్డలు ఏర్పడవచ్చు. తలనొప్పి అన్న బాలింతకు చెవుల్లో దూది పెట్టి పడుకోబెట్టకండి, వెంటనే బీపీ చూపించండి.

ఇవన్నీ పెడితే హాస్యం చచ్చిపోతుందంటారు. 2007లో ‘జూనో’ రాసిన డయాబ్లో కోడీ, దాన్ని తీసిన జేసన్ రైట్‌మన్ ఇద్దరూ కలిసి 2018లో ‘టల్లీ’ తీశారు. మూడో బిడ్డను కన్న తల్లి నిద్రలేమి, అలసట, చెదిరిన మనసే అందులో కథ. నవ్వు ఎక్కడికీ పోలేదు. అది అరుదైన బాధ కూడా కాదు. 38 భారతీయ అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి సమీక్ష ఒకటి కాన్పు తరువాతి కుంగుబాటు 22 శాతం తల్లుల్లో ఉంటుందని అంచనా వేసింది. దాన్ని పొగరనో బిడ్డ మీద ప్రేమ లేదనో అనేవారికి నేను చెప్పేది ఒక్కటే: అది జబ్బు, వైద్యంతో నయమవుతుంది.

కథకులారా, మీ హీరో పరీక్షను కాన్పు గది తలుపు దగ్గర ముగించకండి. అర్ధరాత్రి బిడ్డను ఎత్తుకుని భార్యను కాసేపు పడుకోనివ్వడం, మాత్ర వేసుకుందో లేదో చూడటం, గంటకో ప్యాడ్ తడిసిపోతోందంటే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లడం, ఇవీ ప్రేమ సన్నివేశాలే. అలాంటి సినిమా వచ్చేదాకా ఇళ్లలో చేయగలిగింది కొంత ఉంది. ఆరో వారం బిడ్డకు టీకా వేయించే రోజునే తల్లికీ చీటీ రాయించండి. బీపీ, రక్తం, కుట్లు చూపించండి. నిద్ర పడుతోందా, దిగులుగా ఉందా అని డాక్టరు అడిగినప్పుడు మీరు అందుకోకండి. ఆమెనే చెప్పనివ్వండి.