చిల్లర జమ

ముసలితనంలో మనిషికి యేదో ఒక వ్యాపకం వుండాలని యీ మధ్య అందరూ చెపుతున్నారు. డాక్టర్లు చెపుతున్నారు, పత్రికల ఆదివారం సంచికలు చెపుతున్నాయి, గల్ఫులో వున్న మా పెద్దవాడు ఫోనులో చెపుతున్నాడు. ఆ వ్యాపకానికయ్యే ఖర్చు యెవరు పెట్టుకోవాలో మాత్రం యెవరూ చెప్పరు. యింటిఖర్చు పెరిగినప్పుడు మొదట తెగిపడేది యెవరి వ్యాపకం అన్న ప్రశ్న అసలు యెవరికీ తట్టినట్టు లేదు. నాకూ తట్టలేదు. మొన్న వేసవిలో మా యింట్లో జరిగిన చిన్న తగాదా వల్ల తట్టింది.

నేను ఆర్మూరులో ఒక అడ్తి దుకాణంలో నలభై యేళ్ళు గుమాస్తాగా వున్నాను. 1976లో చేరి 2016లో మానుకున్నాను. పసుపు, ఎర్రజొన్న, మక్కలు - యీ మూడింటి లెక్కలూ నా చేతిమీదుగానే నడిచినవి. తక్‌పట్టీ రాయటం, హమాలీ కూలీ, దడువాయి కూలీ విడగొట్టటం, చిట్టాలోంచి ఆవర్జాకు ఎక్కించటం, ఇదే నా బతుకు. పసుపు కొమ్ము వేరు, మండ వేరు, చూర వేరు. మూడింటికీ మూడు ధరలు. రైతు తొమ్మిది నెలలు పెంచి, తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో వేసి తిప్పి తెచ్చిన సరుకు నా కాగితంమీద ఒక్క పంక్తి అయ్యేది. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయినాయి. దుకాణంలో కొన్నాళ్ళు పనే లేదు. అప్పటికి నాకు అరవై దాటినవి. సేటు మళ్ళీ రమ్మనలేదు, నేను పోలేదు. గ్రాట్యుటీ అనే మాట ఆ దుకాణంలో యెవరైనా పలకగా నేను వినలేదు.

పని పోయినా రాసే అలవాటు పోలేదు. 1981 నుంచి యింటి పద్దు రాస్తున్నాను. యేడాదికొక పుస్తకం. ఉప్పు పొట్లం దగ్గిరనుంచి పెళ్ళిళ్ళ కట్నాల దాకా అందులో వున్నవి. రాత్రి భోజనమైన తర్వాత రేడియో పెట్టుకుని పద్దు రాసుకోవటం, పొద్దున్నే పేపరు చదవటం - నా వ్యాపకాలేమిటని యెవరైనా అడిగితే యివే చెపుతాను. హాబీ అనే మాటకు మనవాళ్ళు వ్యాపకమనీ కాలక్షేపమనీ అంటారు. మా వైపు షోకు అంటారు. వుర్దూ నుంచి వచ్చిన ఆ మాటలో తహతహ వున్నది, దుబారా అన్న నింద కూడా వున్నది. చదువుకున్నవాడికి వుంటే హాబీ, లేనివాడికి వుంటే షోకు. నేను పేపరు చదివితే యెవరూ షోకు అనలేదు.

తగాదా యెట్లా వచ్చిందో చెప్పాలంటే ముందు బిల్లుల సంగతి చెప్పాలి.

మా యిల్లు సిద్ధులగుట్ట కనపడే వీధిలో వున్నది. ఆ నల్లరాళ్ళ గుట్ట యెండాకాలంలో పగలంతా కాగి, ఆ వేడిని రాత్రంతా ఊరిమీదికి వదులుతుంది. రాష్ట్రంలో 2024 మార్చినుంచి తెల్లకార్డున్న యిళ్ళకు నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు బిల్లు సున్నా చేశారు. మంచిదే. ఆ సున్నాను కాపాడుకోవటమే అప్పటినుంచి నాకు కొత్త వుద్యోగమయింది. రోజూ పొద్దున మీటరు చూసి పద్దులో రాస్తాను. 2025 మే నెలలో కోడలూ పిల్లలూ వచ్చారు, రెండు గదుల్లో కూలరు నడిచింది. 212 యూనిట్లయినాయి. హద్దు దాటితే దాటిన 12 యూనిట్లకే కాదు, మొత్తానికి కట్టాలి. పదకొండు వందలు దాటింది. పన్నెండు యూనిట్లకు పదకొండు వందలు! అడ్తి దుకాణంలో కూడా యిట్లాంటి తరుగు నేను చూడలేదు.

గ్యాసు కథ యింకొకటి. 2023 మార్చిలో హైదరాబాదు ధర 1,155 రూపాయలకు పోయింది. ఆ ఆగస్టులో 200, మరుసటి మార్చిలో వంద తగ్గించి, 2025 ఏప్రిలులో మళ్ళీ 50 పెంచారు. రాష్ట్రం 2024 ఫిబ్రవరి చివర ఐదు వందల సిలిండరు పథకం పెట్టింది. అయితే ముందు పూర్తి ధర చెల్లించాలి, తర్వాత తేడా ఖాతాలో పడుతుంది. 2025లో ఐదు వందలకు సిలిండరు పొందటానికి తొమ్మిది వందలు చేతిలో వుండవలసి వచ్చిందన్నమాట. లేనివాడు ఆ నాలుగు వందలు యెక్కడ తెస్తాడన్నది పథకంలో రాయలేదు. ఇక బీపీకి, షుగరుకు మాత్రలు. అవి యే నెలా ఆగవు.

నన్ను అన్నిటికంటే వెక్కిరించేది పసుపు పొట్లం. మా చిన్నతనంలో ఆర్మూరులో పసుపు కొనుక్కున్న యింటిని నేనెరగను. పంటలు రాగానే యెవరో ఒక చుట్టం సంచీలో పోసి పంపేవాడు. యిప్పుడు నేనూ కిరాణా కొట్లోనే కొంటున్నాను. 2019 పార్లమెంటు యెన్నికలప్పుడు నిజామాబాదు స్థానంలో 185 మంది అభ్యర్థులు నిలబడ్డారు. 170 మందికి పైగా రైతులే. పసుపుకు బోర్డు కావాలి, ఎర్రజొన్నకు ధర కావాలి అన్నారు. అప్పుడు క్వింటాలు అయిదారు వేలు పలుకుతున్నది. 2024 మార్చిలో అదే క్వింటాలు 18 వేలు దాటింది. బోర్డును 2025 జనవరి 14న ప్రారంభించారు. రైతుకు ధర కూలిపోయిన యేళ్ళలో నా పద్దులో పొట్లం ధర ఒక్కసారైనా తగ్గిందేమోనని పుస్తకాలన్నీ తిరగేశాను. తగ్గలేదు.

1857లో ఒక జర్మను గణాంకవేత్త కుటుంబాల పద్దులు చూసి, బీదతనం పెరిగినకొద్దీ ఆదాయంలో తిండికి పోయే వంతు పెరుగుతుందని తేల్చాడు. ఆయన పేరు ఎర్నెస్టు ఎంగెల్. మన ఎంగెల్సు కాదు, మిత్రులు పొరబడకూడదు. 2012ను ఆధారంగా పెట్టుకుని ప్రభుత్వం వేసిన ధరల సూచికలో తిండికీ పానీయాలకూ సుమారు 46 వంతులు. మా యింట్లో తిండి, మందులు, గ్యాసు కలిసి నూటికి ఎనభై అయిదు. మిగిలిన పదిహేనులో చావులు, పెళ్ళిళ్ళు, చెప్పులు, రేడియోకు సెల్లులు, పేపరు, టీవీ.

ఆ పదకొండు వందలు యెక్కడనుంచి రాబట్టాలా అని ఒక రాత్రి పద్దు ముందు వేసుకుని కూర్చున్నాను. టీవీ డబ్బులు నెలకు మూడు వందలు. ఎర్రసిరాతో దానిమీద గీత పెట్టాను.

మా ఆమెకు అక్షరాలు రావుగాని ఎర్రసిరా అంటే యేమిటో తెలుసు. "ఏం కొట్టేసినవ్?" అన్నది. చెప్పాను.

"మరి నీ పేపరు?"

"పేపరు లోకజ్ఞానమే," అన్నాను.

"నువ్వు సదివితె జ్ఞానం, నేను సీరియల్ సూస్తె షోకా? ముప్పయ్యారేండ్లు చాట ఒళ్ళె వెట్టుకోని బీడీలు చేసిన. తల ఎత్తితె కట్ట తక్కువైతదని తల ఎత్తలె. ఇగ జెర టీవీ మొకం సూస్తున్న. అది నీకు బరువైందా?"

నేను జవాబు చెప్పలేదు. ఆ చాటను నేను ముప్పయ్యారేళ్ళు చూశాను. తునికాకు తడిపి కత్తిరించటం, తంబాకు పోసి చుట్టటం, దారం కట్టటం - రోజుకు ఆరేడు వందలు. నేను పేపరు చదువుతుంటే ఆమె చుట్టేది. నేను రేడియో వింటుంటే ఆమె చుట్టేది. పద్దు రాయటానికి నాకు అరగంట తీరిక దొరికిందంటే, ఆ అరగంటలో యింకొకరు పని చేస్తున్నారు కనకనే. వీధిలోవాళ్ళు మాత్రం, "ఇంటి పట్టున కూసోని కాలం ఎళ్ళదీసుకుంటున్నది" అనేవారు. కాలక్షేపమట!

మరునాడు పాత పుస్తకాలు దించాను. నా జీతం ప్రతి నెలా ఒకటో తారీఖున "జమ" కింద నిండు అక్షరాలతో వున్నది. ఆమె వారానికోసారి తెచ్చిన బీడీల పైకం "చిల్లర జమ" కింద, పాతసంచులు అమ్మిన డబ్బుల పక్కన వున్నది. ఆ శీర్షిక పెట్టింది సేటు కాదు, ప్రభుత్వం కాదు, నేను. 1994 పుస్తకం కూడి చూశాను. ఆ యేడు నా జీతం పన్నెండు వేలు. ఆ చిల్లర నాలుగు వేల ఎనిమిది వందల పైచిలుకు. అంటే నా సంపాదనలో అయిదింట రెండు వంతులు. మిగతా యేళ్ళూ అటూ యిటుగా అంతే. అడ్తి దుకాణంలో యింత మొత్తాన్ని చిల్లర కింద రాసివుంటే నన్ను ఆ సాయంత్రమే యింటికి పంపేవారు.

బీడీ కార్మికుల చట్టం 1966లో వచ్చింది. ప్రావిడెంటు ఫండు 1977లో ఆ పరిశ్రమకు వర్తింపజేశారు. ఆమె 1981లో చాట పట్టేనాటికే చట్టం పుట్టి పదిహేనేళ్ళు. కాని కార్ఖానాలో ఆమె పేర కార్డు లేదు. మా వదినె కార్డుమీద ఆమె చేసిన బీడీలు పోయేవి. మా వైపు యెన్నో యిళ్ళలో యిదే పద్ధతి: ఒక కార్డు, రెండు మూడు జతల చేతులు. కార్డులు యెక్కువైతే ఫండు కట్టవలసి వస్తుందని యివ్వరు. పని పోతుందని వీళ్ళు అడగరు. 2017లో వేళ్ళు వంగక, చూపు ఆనక మానేసినప్పుడు వదినెకు ఫండు వచ్చింది, మా ఆమెకు రాలేదు. ఆమె పేర యేదో ఒక పంక్తి వుండి వుంటే 2014 సెప్టెంబరులో పెట్టిన కనీస పింఛను వెయ్యి రూపాయలైనా వచ్చేవి. యిప్పుడు ఆమె పేర వచ్చేది వృద్ధాప్య పింఛను ఒక్కటే. లెక్కలు తెలిసిన మొగుడు యింట్లో వుండి, అవతలివాడి ఆవర్జాలో భార్య పేరు వున్నదా లేదా అని ఒక్కసారి చూడలేదు.

మన సాహిత్యంలో సమ్మె వున్నది, ఊరేగింపు వున్నది, వుండవలసిందే. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టిన నాటినుంచి శ్రమను గురించి మనం తక్కువ రాయలేదు. మధ్యతరగతి యిల్లాళ్ళ బతుకును కొడవటిగంటి కుటుంబరావు రాసినంత నిర్దయగా రాసినవారు తక్కువ. అయినా పని ఆగిపోయిన తర్వాత కార్మికుడు యేం చేస్తాడన్న దగ్గిర మన కథ సాధారణంగా ఆగిపోతుంది. మార్క్సు అల్లుడు పాల్ లఫార్గ్ 1880లోనే సోమరితనపు హక్కును గురించి పుస్తకం రాశాడు. విశ్రాంతి కూడా పోరాడి తెచ్చుకోవలసిన వస్తువేనని ఆయన వాదం. ఆ విశ్రాంతి ఒకే యింట్లో ఇద్దరి మధ్య యెట్లా పంపకం అవుతుందో మాత్రం మా చాట దగ్గిర కూర్చున్నవాడికే తెలుస్తుంది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు వుచితమయింది. అప్పటికి ఆమెకు అరవై దాటినవి. ఆ తర్వాత ఆమె వీధిలో నలుగురిని పోగేసి బాసర పోయివచ్చింది, వేములవాడ పోయింది, నిజామాబాదులో చెల్లెలి యింటికి రెండు వారాలకోసారి పోతున్నది. వచ్చి దారిలో చూసిన చేలన్నీ చెపుతుంది - యెక్కడ పసుపు పచ్చగా వున్నది, యెక్కడ పసుపు తీసేసి మక్క వేశారు. యిన్నాళ్ళూ ఆమెకు లోకంమీద ఆసక్తి లేదనుకున్నాను. లేనిది టిక్కెట్టు డబ్బులు.

టీవీ గీత కొట్టేశాను; మూడు వందలు మళ్ళీ ఎక్కించాను. ఇక పేపరు గ్రంథాలయానికి పోయి చదువుకుంటున్నాను. అక్కడ ఫ్యాను కూడా వాళ్ళదే. పెరట్లో పగిలిన బకెట్లో ఆమె జూన్‌లో నాలుగు పసుపు కొమ్ములు నాటింది. నేను యిది రాస్తుంటే, "దీనికి పైసలిస్తరా?" అని అడిగింది. యివ్వరన్నాను. "పోస్టుకెంతయితది?" అన్నది. చెప్పాను. "రాసుకో మల్ల," అన్నది. రాశాను. ఖర్చు కింద.