హెల్సింకిలో ఒక పాత ఫోను

ఫిన్లండు దేశపు ముఖ్యపట్టణం హెల్సింకి. ఆ నగరానికి మూడు పక్కలా సముద్రమే. అక్కడ వీథుల పేర్లు రెండేసి భాషల్లో రాసి ఉంటాయి—ఒకటి ఫిన్నిషు, రెండోది స్వీడిషు. పచ్చ, పసుపు రంగుల ట్రాములు రాళ్ళు పరిచిన వీథుల వెంట గణగణమంటూ పోతూ ఉంటాయి. జూను నెలలో రాత్రి పదిన్నర అయినా సూర్యుడు పూర్తిగా అస్తమించడు. నేను వెళ్ళిన మొదటి రోజు, ఇంకా వెలుతురు పోలేదు గదా అని కబుర్లు చెబుతూ కూచుని, చివరకు గడియారం చూసి తెల్లబోయాను.

మా చెల్లెలు కుటుంబం హెల్సింకిని ఆనుకుని ఉన్న ఎస్పో అనే ఊళ్ళో ఉంటున్నది. మా మేనల్లుడికి పధ్నాలుగేళ్ళు. నాకు ఊరు చూపించే పని వాడిదే. మర్నాడు వాడు నన్ను కోటలకూ, చర్చిలకూ తీసుకుపోకుండా, ముందుగా హియెతలహ్తి అనే చోట జరిగే పాత సామాన్ల సంతకు తీసుకుపోయాడు. పింగాణీ పళ్ళేలూ, గడియారాలూ, మంచు మీద జారే బూట్లూ, అన్నీ బల్లల మీద పరిచి ఉన్నాయి. వాడు వాటి మధ్య నుంచి ఒక లావుపాటి ఫోను ఏరి తీశాడు. దాని తెరను పక్కకు తోస్తే కింద నుంచి అక్షరాల మీటలు బయటికి వచ్చాయి. అది నోకియా ఎన్900. 2009 లో అమ్మకానికి వచ్చింది.

"పాత ఇనుములోకి పోవలసిన దాన్ని కొంటావేమిరా?" అన్నాను.

"దీనికి సోర్స్ కోడ్ ఉన్నది, మామయ్యా!" అన్నాడు వాడు, ఆ ఫోనుకు పెద్ద ఆస్తి ఏదో ఉన్నట్టు.

ఈ సోర్స్ కోడ్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. మీ అమ్మమ్మ ఒక జాడీ ఆవకాయ పక్కింటివారికి ఇచ్చిందనుకోండి. వాళ్ళు తిని, బాగున్నదంటారు. కాని ఆవపిండి ఎంత వేసిందీ, కారం ఎంత వేసిందీ వాళ్ళకు తెలియదు. జాడీ ఖాళీ అయితే మళ్ళీ ఆమే పెట్టాలి. ఫోనులో ఉండే ప్రోగ్రాము కూడా అలాటిదే. అది వట్టి ఒకట్లూ, సున్నలూ. యంత్రం దాన్ని చదువుతుంది గాని, మనుషులు చదవలేరు. ఆ ప్రోగ్రామును మొదట మనిషి రాసింది, మరొక మనిషి చదవగలిగేది, సోర్స్ కోడ్. అది చేతిలో ఉంటే తప్పులు దిద్దవచ్చు, కొత్త సంగతులు చేర్చవచ్చు. అది లేకపోతే, కంపెనీవాళ్ళు ఆ ఫోనును మరిచిపోయిన రోజున ఫోను పని అయిపోయినట్టే.

"మరి కంపెనీలు తమ గుట్టు ఎందుకు బయట పెడతాయి?" అని అడిగాను.

"ఆ కథ ఈ ఊళ్ళోనే మొదలయింది, పద!" అన్నాడు వాడు.

ట్రాము ఎక్కి సెనేట్ చౌకుకు వెళ్ళాం. అక్కడ తెల్లని పెద్ద చర్చి ఉన్నది. దానికి పడమటి పక్కన హెల్సింకి విశ్వవిద్యాలయపు ప్రధాన భవనం. 1991 లో లైనస్ టోర్వల్డ్స్ అనే ఇరవై ఒక్కేళ్ళ కుర్రవాడు ఈ విశ్వవిద్యాలయంలో చదివేవాడు. ఆ ఏడు మొదట్లో అతను ఒక కంప్యూటరు కొనుక్కున్నాడు. దాన్ని నడిపించే అసలు ప్రోగ్రాము, అంటే కెర్నెల్, ఇంట్లో కూచుని స్వయంగా రాయసాగాడు. ఆగస్టు నెలలో ఆ సంగతి ఇతరులకు తెలియజేస్తూ, తాను సరదాకు చేస్తున్నాననీ, ఇది పెద్దదేమీ కాదనీ రాశాడు. ఆ "పెద్దదేమీ కానిది" ఇవాళ కోట్ల కొద్దీ ఫోనుల్లో ఉన్నది.

అక్కణ్ణించి పడమరగా మెట్రో రైలులో ప్రయాణం చేశాం. దారిలో కొయివుసారి అనే స్టేషను కొంతభాగం సముద్రం అడుగున ఉన్నది. నేను అప్రయత్నంగా కప్పు కేసి చూశాను. ఒక్క చుక్క కూడా కారటం లేదు. దాని తరవాత రెండో స్టేషను దగ్గిర, ఓతనియెమిలో దిగాం. అక్కడ ఎర్ర ఇటుకల భవనాలున్నాయి. ఇప్పుడు దాన్ని ఆల్టో విశ్వవిద్యాలయం అంటారు. 2010 కి ముందు అది సాంకేతిక విశ్వవిద్యాలయం. లైనస్ తన ప్రోగ్రాముకు "ఫ్రీక్స్" అని పేరు పెట్టుకున్నాడట. అయితే ఇక్కడ పనిచేసే ఆరి లెమ్కే అనే ఆయనకు ఆ పేరు నచ్చలేదు. 1991 సెప్టెంబరులో ఆయన దాన్ని అందరూ తీసుకునేందుకు వీలుగా ఒక కంప్యూటరులో ఉంచుతూ, "లినక్స్" అని తానే పేరు పెట్టేశాడు!

ఆ రోజుల్లోనే అమెరికా నుంచి రిచర్డ్ స్టాల్మన్ ఇక్కడికి వచ్చి ఉపన్యాసం ఇచ్చాడు. లైనస్ వచ్చి విన్నాడు. స్టాల్మన్ అంతకు ముందే జీపీఎల్ అనే ఒప్పందపత్రం రాసి ఉన్నాడు. 1992 లో లైనస్ తన కెర్నెల్ ను ఆ ఒప్పందం కిందికి తెచ్చాడు. దాని షరతు ఇది: ఈ ప్రోగ్రామును ఎవరైనా వాడుకోవచ్చు, మార్చవచ్చు, అమ్మవచ్చు. కాని ఎవరికి ఇస్తారో వారికి సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి. వెంటనే ఇవ్వకపోతే, కనీసం మూడేళ్ళపాటు అడిగినవారికి ఇస్తామని రాసి ఇవ్వాలి.

2008 లో ఆండ్రాయిడ్ ఫోనులు వచ్చాయి. వాటి లోపల ఉండేది లినక్స్ కెర్నెలే. అందుచేత ఫోను ఎంత పెద్ద కంపెనీది అయినా సరే, దానిలో ఉన్న కెర్నెల్ మూలాన్ని ఇచ్చి తీరాలి. సరదా కొద్దీ ప్రోగ్రాములు రాసేవారికి ఇదే పెన్నిధి. వాళ్ళు ఆ మూలం తీసుకుని, కంపెనీ వదిలేసిన ఫోనులకు కొత్త ఆండ్రాయిడ్ తయారు చేస్తారు. 2016 చివర మొదలైన లీనియేజ్ ఓఎస్ అలాటి వారి పనే.

నేను ఆశగా నా ఫోను తీసి ఇచ్చాను. రెండేళ్ళకే దాని కంపెనీ కొత్త మార్పులు పంపటం మానేసింది. వాడు కాసేపు వెతికి పెదవి విరిచాడు. మూలం ఇచ్చారు గాని, అందులో సగం ఫైళ్ళు లేవు. కెమేరాను నడిపే ప్రోగ్రాము జీపీఎల్ కిందికి రాదు గనక దాని మూలం అసలే ఇవ్వలేదు. పైగా వేరే ప్రోగ్రాము ఎక్కించకుండా ఫోనుకు తాళం వేసి ఉంచారు. డబ్బిచ్చి కొన్న ఫోనుకు తాళంచెవి మరొకరి దగ్గిర ఉండటమేమిటో నాకు అర్థం కాలేదు!

సముద్రపు ఒడ్డు వెంట నడుచుకుంటూ కెయిలనియెమికి వచ్చాం. నీటి అంచున పెద్ద అద్దాల మేడ ఉన్నది. ఒకప్పుడు నోకియా ప్రధాన కార్యాలయం అదే. 2011 లో నోకియా మైక్రోసాఫ్ట్ వారి ప్రోగ్రామును నమ్ముకున్నది. 2014 లో ఫోనుల వ్యాపారమే వారికి అమ్మేసింది. ఆ తరవాత ఎన్900 గురించి పట్టించుకునే వాళ్ళు ఆ మేడలో లేరు. కాని దాని కెర్నెల్ మూలం అప్పటికే జనం చేతుల్లో ఉన్నది. పైగా ఆ ఫోనుకు తాళం లేదు.

ఆ రాత్రి వాడు సరదాగాళ్ళు తయారు చేసిన కొత్త ప్రోగ్రామును ఒక చిన్న కార్డు మీదికి ఎక్కించి ఫోనులో పెట్టాడు. నల్లని తెర మీద తెల్లని అక్షరాలు జలపాతంలాగా దిగివచ్చాయి.

"ఇందులో ఒక తమాషా ఉన్నది, మామయ్యా. బ్యాటరీకి విద్యుత్తు ఎక్కించే ప్రోగ్రామును నోకియావాళ్ళు కెర్నెల్ లో కాక విడిగా పెట్టుకున్నారు. దాని మూలం ఇవ్వలేదు. అందుకని ఇంకొక ప్రోగ్రాము ఎక్కిస్తే ఫోను నడిచేది గాని, బ్యాటరీ నిండేది కాదు," అన్నాడు వాడు.

"మరెట్లా?"

"విద్యుత్తు ఎక్కించే చిప్పు ఎట్లా పనిచేసేదీ కొందరు చదివి తెలుసుకుని, ఆ ప్రోగ్రాము తామే మళ్ళీ రాశారు. అది అసలు లినక్స్ లోనే చేరిపోయింది. బొమ్మలు గీసే చిప్పు సంగతి మాత్రం ఇంకా తెమలలేదు."

వాడు తీగ తగిలించాడు. తెర మూల బ్యాటరీ గుర్తు పక్కన "3" అని ఉన్నది. ఇద్దరం దాన్నే చూస్తూ కూచున్నాం. చాలా సేపటికి అది "4" అయింది. వాడు ఎగిరి గంతు వేశాడు.

మా చెల్లెలు వచ్చి, "పదకొండయింది, పడుకోరా ఇద్దరూ?" అంటూ కిటికీ తెరలు లాగింది. బయట ఇంకా వెలుతురుగానే ఉన్నది.