విరిగిన బోల్టు ఫొటో

మీరు ఈ పుస్తకాన్ని చేత్తో పట్టుకొని చదువుతున్నారు కదా! ఒక్క నిమిషం దీన్ని పక్కన పెట్టండి. మీ బొటనవేలిని కంటికి జానెడు దూరంలో నిలబెట్టి, గోరు వైపు చూడండి. నలభై ఏళ్ళు దాటినవారైతే చెయ్యి ఇంకాస్త చాచండి. గోరు స్పష్టంగా కనిపిస్తుంది. దాని వెనక ఉన్న కిటికీ మసకగా ఉంటుంది. ఇప్పుడు కిటికీని చూడండి. ఊచలు తేటపడతాయి, వేలు మసకబారుతుంది. రెండూ ఒకేసారి తేటగా కనిపించవు. అయినా గదిలోని వస్తువులన్నీ స్పష్టంగానే ఉన్నాయని మనకు అనిపిస్తుంది. కన్ను ఒకదాని తరవాత ఒకటి చూస్తూ పోతుంది. మెదడు వాటన్నిటినీ కలిపి ఒకే దృశ్యంగా చేస్తుంది.

కెమెరాకు ఆ వీలు లేదు. మీట నొక్కినప్పుడు అది ఒక దూరాన్ని మాత్రమే స్పష్టంగా పట్టుకుంటుంది. ఆ దూరానికి కాస్త ముందు, కాస్త వెనక ఉన్నవి కూడా బాగానే పడతాయి. ఈ కాస్తనే స్పష్టతలోతు అందాం. కొండనో చెరువునో తీసినప్పుడు ఈ లోతు చాలా ఎక్కువ. వస్తువు దగ్గరికి వెళ్ళినకొద్దీ అది తగ్గిపోతుంది. పాత ఫిల్ము చట్రమంత సెన్సరు ఉన్న కెమెరాతో ఒక వస్తువును దాని అసలు పరిమాణంలో తీస్తే, ఎఫ్ 8 దగ్గర ఈ లోతు ఇంచుమించు ఒక మిల్లీమీటరు. లెన్సు రంధ్రాన్ని చిన్నది చేస్తే లోతు పెరుగుతుంది. కాని రంధ్రం మరీ చిన్నదైతే దాని అంచుల దగ్గర కాంతి చెదిరి, ఫొటో మొత్తం పదును పోతుంది. అందుచేత చీమ తలనో, పువ్వు కేసరాన్నో ఒకే ఫొటోలో ముందునుంచి వెనకదాకా స్పష్టంగా తీయడం కష్టం.

దీనికి ఉన్న ఉపాయం మన కన్ను చేసే పనిలాంటిదే. దూరాన్ని కొంచెం కొంచెం మారుస్తూ చాలా ఫొటోలు తీసి, ఒక్కొక్క దానిలోంచి స్పష్టంగా ఉన్న భాగాన్ని ఏరి కలపాలి. కంప్యూటరుతో ఇలా కలిపే పద్ధతిని పీపర్, కోర్పెల్ అనే ఇద్దరు 1983లో ఒక పరిశోధన పత్రంలో వివరించారు. తరవాత దీనికోసం ప్రత్యేకంగా సాఫ్ట్‌వేర్లు వచ్చాయి: అలన్ హ్యాడ్లీ ఉచితంగా ఇచ్చిన కంబైన్ జెడ్, ఉక్రెయిన్‌లో తయారైన హెలికాన్ ఫోకస్, అమెరికాలో రిక్ లిటిల్‌ఫీల్డ్ రాసిన జెరీన్ స్టాకర్. ఫొటోషాప్‌లో కూడా 2008 నుంచి ఈ సౌకర్యం ఉంది. 2012 ఆగస్టులో అంగారక గ్రహం మీద దిగిన క్యూరియాసిటీ బండికి ఒక చెయ్యి ఉంది. ఆ చేతి చివరనున్న కెమెరా ఒక రాతిని ఎనిమిది ఫొటోల వరకు తీసి, అక్కడే కలిపి, ఒక్కటిగా భూమికి పంపగలదు.

నేను ఈ పని నేర్చుకున్నది జంషెడ్‌పూర్‌లో. 1912లో టాటాల ఉక్కు కర్మాగారంలో మొదటి ఉక్కు దిమ్మ తయారైన ఊరు అది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి పనికోసం వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. మాదీ అటువంటి కుటుంబమే. నేను మాత్రం ఇనుము జోలికి పోలేదు. పెళ్ళి ఫొటోలు తీసేవాణ్ణి. ముహూర్తాలు లేని నెలల్లో పురుగుల్ని, పువ్వుల్ని తీస్తూ ఈ ఫొటోలు కలిపే విద్య పట్టుకున్నాను.

2014 వానాకాలంలో ఖర్కాయి నదికి అవతల, ఆదిత్యపూర్‌లోని ఒక చిన్న కార్ఖానా యజమాని నన్ను పిలిపించాడు. ఆ ఉదయం ఒక యంత్రం బోల్టు విరిగి పని ఆగిపోయిందట. విరిగిన ముఖాన్ని పెద్దదిగా ఫొటో తీసిమ్మన్నాడు. కాగితాలకు జత చెయ్యాలన్నాడు. నేను ముక్కను ఇంటికి తెచ్చి, ఆ రాత్రే పనికి కూర్చున్నాను. పగలైతే మా వీధిలో లారీలు తిరుగుతాయి. ఇంత దగ్గరి ఫొటోలకు నేల అదిరినా చాలు, అంతా చెడిపోతుంది.

విరిగిన ఇనుము చదునుగా ఉండదు. ఆ ముఖంలో అన్నిటికంటె ఎత్తైన చోటుకూ, లోతైన చోటుకూ మధ్య 8 మిల్లీమీటర్ల తేడా ఉంది. నా కెమెరాను ఒక చిన్న పట్టా మీద బిగించాను. దాని మరను ఒక చుట్టు తిప్పితే కెమెరా ఒక మిల్లీమీటరు ముందుకు జరుగుతుంది. నేను పావు చుట్టు చొప్పున తిప్పాను. మొత్తం ఎన్ని ఫొటోలు కావాలో మీరే లెక్క వేయండి. 8ని పావుతో భాగిస్తే 32. మొదటి చోట తీసినదాన్ని కూడా కలిపితే 33. ఒక్కొక్క ఫొటోలో స్పష్టంగా వచ్చే పొర పావు మిల్లీమీటరుకంటె మందంగానే ఉంటుంది. అందువల్ల ఒకదాని పొర పక్కదాని పొర మీదికి కొంత వస్తుంది. ఇల్లు కప్పేటప్పుడు పెంకు మీదికి పెంకు రావాలి కదా, ఇదీ అంతే. లేకపోతే మధ్యలో మసక చారలు మిగిలిపోతాయి.

మిగతా పని సాఫ్ట్‌వేరుది. కెమెరా జరిగినకొద్దీ వస్తువు పరిమాణం కొద్దిగా మారుతుంది. కాబట్టి ముందు అన్ని ఫొటోలనూ ఒకే కొలతకు తెచ్చి, ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోబెడుతుంది. తరవాత ప్రతి చోటా ఏ ఫొటోలో వెలుగునీడల తేడా పదునుగా ఉందో చూస్తుంది. ఎక్కడ పదునుంటే అక్కడ స్పష్టత ఉన్నట్టు లెక్క. ఏరడానికి రెండు ముఖ్యమైన దారులున్నాయి. ఒకటి, ఏ చోటు ఎంత లోతులో ఉందో ఒక పటంలా గీసుకొని, దాని ప్రకారం ఏరడం. ఇందులో రంగులు నమ్మకంగా వస్తాయి గాని, గట్టు పక్కనే గుంట ఉన్నచోట తికమక పడుతుంది. రెండోది పిరమిడ్ పద్ధతి. అందులో సన్నని అంచులు, వెంట్రుకలు బాగా వస్తాయి గాని, గరుకుతనం కూడా పెరుగుతుంది. దేనితో చేసినా ఎత్తైన అంచుల చుట్టూ పొగలాంటి మసక మిగలవచ్చు.

ఆ మసకను చేత్తో దిద్దుకోవాలి. తెర మీద ఒక పక్క కలిపిన బొమ్మ, ఇంకో పక్క అసలు ఫొటోల్లో ఒకటి కనిపిస్తాయి. కుంచెలాంటి గుర్తుతో రుద్దితే అసలు ఫొటోలోని భాగం కలిపిన బొమ్మలోకి వచ్చి చేరుతుంది. గమనించారా? కుంచె అంటున్నామే గాని ఇక్కడ రంగు వెయ్యడం లేదు. కెమెరా చూసినదాన్నే ఒక చోటినుంచి ఇంకో చోటికి తెస్తున్నాం.

నేను ఇంతటితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన పని ఉండేది కాదు.

కలిపిన బొమ్మలో ఒక పక్కన నెలవంక ఆకారంలో గోధుమరంగు మరక ఉంది. దాని చుట్టూ సన్నని గీతలు. పెళ్ళికూతురి చెంప మీద మొటిమ ఉంటే తీసేసిన చెయ్యి నాది. మరక కనిపిస్తే ఆ చెయ్యి ఊరుకోదు. బొమ్మను మరో సాఫ్ట్‌వేరులో తెరిచి, పక్కనున్న మెరిసే ఇనుమును తెచ్చి మరక మీద పులిమాను. గీతల్ని నునుపు చేశాను. విరిగిన ఇనుము వెండిలా మెరిసింది. యజమాని చూసి సంతోషించి, అడిగినదానికంటె ఓ వంద ఎక్కువే ఇచ్చాడు.

రెండు వారాల తరవాత తెలిసింది, ఆ కాగితాలు ఎవరిమీదనో. ఆ ఉదయం బోల్టు బిగించిన ఫిట్టరు మా పక్క వీధి మనిషే. పానాకు గొట్టం తగిలించి అతిగా బిగించాడనీ, అందువల్లే అది ఒక్కసారిగా తెగిందనీ రాశారు. ఫొటోలో ముఖమంతా అప్పుడే తెగినట్టు మెరుస్తోంది కదా! నష్టాన్ని ఆయన జీతంలోంచి మూడు నెలల్లో కోస్తామన్నారు. “ఆ మిషను నా చేతికొచ్చిందే ముందు రోజు సాయంత్రం బాబూ” అన్నాడాయన నాతో. కోపంగా అనలేదు. అలా అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆ ఫొటోను మా చిన్నాన్నకు చూపించాను. ఆయన లోహాలు పరీక్షించే ప్రయోగశాలలో పనిచేసి రిటైరైన మనిషి. కళ్ళజోడు పైకి తోసి, కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని చూశాడు.

“ఏరా, ఇనుముకి సబ్బుతో స్నానం చేయించావా?” అన్నాడు.

నేను మరక సంగతి చెప్పాను. ఆయన నవ్వడం మానేశాడు.

“ఎప్పుడు తీశావు?”

“విరిగిన రోజు రాత్రే, చిన్నాన్నా.”

“ముక్క ఏదీ?”

ముక్క అప్పటికే పాత ఇనుము కుప్పలో కలిసిపోయింది.

“మరి అసలు ఫొటోలైనా ఉంచావా, తుడిచేశావా?”

ఉన్నాయి. దాచాలనుకొని దాచినవి కావు. తరవాతి పెళ్ళికి కార్డు ఖాళీ చేస్తూ ఒక మూల పడేశాను, తుడవడానికి బద్ధకించి. ముప్పై మూడూ ఆయన ముందు తెరిచాను.

ఆయన చెప్పింది క్లుప్తంగా ఇది. ఇనుముకు కూడా అలసట ఉంది. ఒకే చోట బరువు పడుతూ లేస్తూ ఉంటే, ఎక్కడో ఒక చిన్న పగులు పుట్టి, రోజూ కొంచెం కొంచెం ముందుకు పాకుతుంది. ఆగి ఆగి పాకిన చోటల్లా ఒక గీత మిగులుతుంది. సముద్రపు అల వెనక్కి తగ్గాక ఇసుకలో గీత మిగలదూ, అలాగ. తెరుచుకున్న పగులులోకి తేమ చేరి ఆ భాగం రంగు మారుతుంది. మిగిలిన కాస్త ఇనుము బరువు మొయ్యలేక చివర తెగుతుంది. ఆ చివరి భాగమే మెరిసేది. తెగిన రోజు రాత్రే తీసిన ఫొటోలో ఒక పక్క తుప్పు, ఒక పక్క మెరుపు ఉన్నాయంటే, తుప్పు పట్టిన పగులు అంతకు చాలా ముందే ఉన్నట్టు. నేను చెరిపేసిన నెలవంక అదే.

“పగులు ఎందుకు పుట్టిందో ఫొటో చెప్పదురా. ఆ రోజే పుట్టలేదని మాత్రం చెబుతుంది. అంతకు మించి ఒక్క ముక్క అనకు” అన్నాడు చిన్నాన్న.

ఆ రాత్రి మళ్ళీ మొదటినుంచి కలిపాను. ఈసారి లోతు పటం పద్ధతి వాడాను, రంగు మారకూడదని. అంచుల దగ్గర మసకను అసలు ఫొటోల్లోంచి తెచ్చి దిద్దాను. ఎక్కడెక్కడ దిద్దానో, ఏ నంబరు ఫొటోలోంచి తెచ్చానో ఒక కాగితం మీద రాసుకున్నాను.

యజమాని రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు చూశాడు. “ఇది మచ్చ లేకుండా ఇచ్చిందీ నువ్వే, మచ్చతో తెచ్చిందీ నువ్వే. దేన్ని నమ్మమంటావు?” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. కంప్యూటరు తెరిచి, ఒకటో నంబరునుంచి వరసగా చూపించడం మొదలుపెట్టాను. మొదటివాటిలో ఒక గట్టు అంచు తప్ప అంతా మసక. ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఆయన రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. పదకొండోదానిలో నెలవంక అంచు తేలింది. పధ్నాలుగోదానిలో గీతలు ఒకదాని వెనక ఒకటి కనిపించాయి. “ఆపు” అన్నాడు.

కోసిన మొదటి నెల డబ్బు ఫిట్టరుకు తరవాతి జీతంతో తిరిగి వచ్చింది. ఒకరోజు ఆయన మా ఇంటికి వచ్చి ఒక ప్రింటు అడిగాడు. ఏది కావాలన్నాను.

“తుప్పుది” అన్నాడు.