తెల్లకార్డు రాని ఇల్లు

2023 దీపావళికి మా అమ్మాయి హైదరాబాదు నుంచి బోథ్ వచ్చింది. పండుగ మర్నాడు పొద్దున్నే ఫోను చూసుకుంటూ "బాపూ, నా పేపర్ తీసుకున్నరు" అని కేకేసింది. వాళ్లమ్మ పాయసానికి పాలు పెట్టింది. పాలు పొంగకముందే బిడ్డ ఆ ఉత్తరంలో రెండో పేరా చదివింది. అచ్చు వేయాలంటే 1,900 డాలర్లు కట్టాలట.

"ఎవరు, ఎవరికి కట్టాలె?" అన్నాను. బడిపంతులుగా రిటైరైనవాణ్ణి. పత్రికలో రాస్తే వాళ్లే ఎంతో కొంత మనియార్డరు పంపడం తెలుసుగానీ, రాసినవాడే ఎదురు కట్టడం నేనెరగను.

అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. వెనుక పరిశోధన పత్రికలను లైబ్రరీలు చందా కట్టి తెప్పించుకునేవి. కట్టలేని కాలేజీలో చదివేవాడికి ఆ తలుపు మూసే ఉండేది. ఇది అన్యాయమని 2002లో బుడాపెస్ట్‌లో కొందరు పెద్దలు ఒక ప్రకటన చేశారు. చదువుకోవడం అందరికీ ఉచితం కావాలన్నారు. మంచి మాటే. మరి అచ్చు ఖర్చు? రాసినవారు, లేదా వారి సంస్థ పెట్టుకోవాలి. 2003లో మొదలైన 'ప్లాస్ బయాలజీ' 1,500 డాలర్లు తీసుకుంది. 'నేచర్'లో అలా అందరూ చదివేలా వేయించుకోవడానికి 2021 నుంచి 9,500 యూరోలు పెట్టారు. మా దగ్గర ఆ డబ్బుతో ఎంత చెలక వస్తుందో లెక్క వేయబోయి మానుకున్నాను.

డాలరు అప్పుడు 83 రూపాయలు. లక్షా యాభై ఏడు వేల పైచిలుకు. నెట్ రాయకుండా చేరిన పరిశోధక విద్యార్థికి కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నెలకు వచ్చేది 8,000. అంటే తిండీ బట్టా మానేసి ఇరవై నెలలు దాచాలి.

ఆ పేపరు దేని మీదో కూడా చెప్పాలి. మా పత్తి మీద. 2002లో బీటీ విత్తనం, 2006లో దాని రెండో రకం వచ్చినప్పుడు ఇక కాయతొలిచే పురుగుల బాధ లేదనుకున్నాం. గులాబీ రంగు పురుగు ఆ రెండింటికీ అలవాటు పడింది. మూడు వానాకాలాలు మా అమ్మాయి పొచ్చెర, సొనాల వైపు చేలల్లో లింగాకర్షక బుట్టలు కట్టింది. గుడ్డిపూలు లెక్కపెట్టింది. కాయలు కోసి చీల్చి చూసింది. రైతులు ఒక్క పైసా అడగలేదు సరిగదా, మధ్యాహ్నం జొన్నరొట్టె పెట్టి పంపేవారు.

ఫీజు తగ్గించమని ఉత్తరం రాసింది. మూడో రోజే మర్యాదగా జవాబు: "మీ దేశం రాయితీ జాబితాలో లేదు."

ఆ జాబితా సంగతి అప్పుడు తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో మొదలుపెట్టిన పథకంతో కలిసి పెరిగిన 'రీసెర్చ్ ఫర్ లైఫ్' అనే ఏర్పాటు పేద దేశాలను రెండు వర్గాలు చేసింది. చాలా ప్రచురణ సంస్థలు దాన్నే చూసి మొదటి వర్గానికి ఫీజు మొత్తం, రెండో వర్గానికి సగం వదిలేస్తాయి. నేపాల్ ఉంది. మనం ఏ వర్గంలోనూ లేము. తలసరి ఆదాయంలో ప్రపంచ బ్యాంకు మనల్ని దిగువ మధ్యతరగతి దేశమనే అంటుంది. కానీ ఈ జాబితాకు దేశం మొత్తం ఆదాయం ఎంతన్నదీ చూస్తారు.

ఇది నాకు వెంటనే అర్థమైంది. మా వాడలో ఒక ఉమ్మడి కుటుంబం ఉండేది. నలుగురు అన్నదమ్ములు, ఇరవై రెండు మంది మనుషులు, ఒకటే పొయ్యి. అందరి సంపాదనా కలిపి రాస్తే పరిమితి దాటింది, తెల్లకార్డు రాలేదు. పక్కింట్లో ముగ్గురే, కార్డుంది. మనిషికెంత అని అడిగినవాడు లేడు. చివరికి వాళ్లు పొయ్యిలు వేరు చేసుకున్నారు. దేశం అలా చేసుకోలేదు కదా!

ఆదాయాన్ని బట్టి ఫీజు అనేది తప్పని నేననను. బోథ్‌లో ఏ తల్లిదండ్రులనడిగినా చెబుతారు, ఆదాయ ధ్రువపత్రం లేకపోతే సగంమంది పిల్లల చదువులు పదితోనే ఆగేవి. (ఆ పత్రాలన్నీ నిజమే చెబుతాయని ప్రమాణం చేయమంటే మాత్రం నావల్ల కాదు.) కానీ కొలిచేది కట్టేవాడి జేబునా, వాడు పుట్టిన దేశాన్నా? ఢిల్లీలో కోట్ల ప్రాజెక్టున్న ప్రొఫెసరూ మా పిల్లా ఒకే వరుసలో నిలబడ్డారు. 2024 జనవరిలో ఎల్సెవియర్ సంస్థ 140 పైచిలుకు పత్రికల్లో ఆయా దేశాల తలసరి ఆదాయాన్ని బట్టి ఫీజు పెట్టే ప్రయోగం మొదలుపెట్టింది. ఇది కొంత నయం. అక్కడా కొలత దేశమే.

మన ప్రభుత్వం 2024 నవంబరులో 'ఒకే దేశం ఒకే చందా' పథకానికి 6,000 కోట్లు ఇచ్చింది. మూడేళ్లపాటు 30 సంస్థల దాదాపు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదువుకోవచ్చు. ఎంపిక చేసిన పత్రికల్లో రచయితల ఫీజుకూ కొంత సొమ్ము అన్నారు. సంతోషం. కానీ చందా తలుపు తెరిచేది కాలేజీవాళ్లకే. చేలో కాయ చీల్చి చూపించినవాడు గేటు బయటే ఉంటాడు.

పొలం అమ్మే మాట నేనే ఎత్తాను. "వద్దు బాపూ, పురుగు మీద రాసుడుకు చెలక అమ్ముతమా?" అంది. ఆ పేపరు వెనక్కి తీసుకుని, మన దేశంలోనే ఒక శాస్త్ర సంఘం నడిపే పత్రికకు పంపింది. రాసేవారూ చదివేవారూ పైసా కట్టనక్కరలేదు. పదకొండు నెలలు పట్టింది. ఈలోగా ఒక ఉద్యోగం ఇంటర్వ్యూలో "అచ్చయిన పేపర్లెన్ని?" అని అడిగితే తల దించుకుని వచ్చింది. ఆ సంగతి ఆర్నెల్ల తర్వాతగానీ మాకు చెప్పలేదు.

అచ్చయ్యాక జిరాక్సు తీసి, ఎక్కువ బుట్టలు కట్టనిచ్చిన రైతుకు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. "ఇండ్ల మా ఊరి పేరున్నదా సారూ?" అన్నాడు. చూపించాను. ఆ పేజీ పైకి వచ్చేలా మడిచి పట్టాదారు పాసుపుస్తకంలో పెట్టుకున్నాడు.

అమ్మాయి ఇప్పుడు రెండో పేపరు రాస్తోంది. పత్రిక కోసం వెతికేటప్పుడు ముందుగా ఫీజు పేజీయే తెరుస్తోంది.